ఒంట్లో కాపురమున్న వైరస్: గేదె, ఎలుక, రొయ్య

(బందరులో చేసిన స్మారక ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడ సవరించిన పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారి సేవ గురించి అధ్యక్షులు వివరంగానే చెప్పారు. నేను మళ్లీ చెప్పబోవడం లేదు. పశువుల ఆసుపత్రి గుమ్మంలో రైతులు ఆయన్నూ, ఆయనలాంటి వాళ్లందర్నీ ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. ఇవాళ దాన్ని పట్టుకునే మాట్లాడతాను. "గాలికుంటు తగ్గిందండీ. నోట్లో పుండ్లు మానాయి, మేత మేస్తోంది. ఇక మందలో కలపొచ్చా?"

ఔననడమో కాదనడమో తేలిక. ఎందుకని అడిగితే మాత్రం సమాధానం చాలా దూరం తీసుకుపోతుంది. ప్రిన్స్‌టన్‌లోని ఎలుకల బోనుల దాకా, ఉస్మానియాలో చదువుకుని అమెరికా వెళ్లిన ఒక శాస్త్రవేత్త దాకా వెళ్లి, చివరికి మళ్లీ మన నాగాయలంక రొయ్యల చెరువు గట్టు మీదికే వస్తుంది.

గాలికుంటు వైరస్ చాలా చిన్నది. బ్యాక్టీరియాను ఆపే వడపోత దీన్ని ఆపలేదని 1897-98లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ చూపించారు. జంతువుల వైరస్‌ల చరిత్ర అక్కడే మొదలైంది. జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. జ్వరం, చొంగ, నోట్లోనూ గిట్టల మధ్యా పొక్కులు, పాలు పడిపోవడం. దూడలైతే గుండె దెబ్బతిని నిలబడ్డచోటే కూలిపోతాయి. పెద్ద పశువు రెండు మూడు వారాల్లో తేరుకుంటుంది. అప్పటికి రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి, వైరస్ జాడ ఉండదు. శరీరం గెలిచిందనే అనుకుంటాం.

1959లో నెదర్లాండ్స్‌లో వాన్ బెక్కుమ్, ఆయన సహచరులు ఈ నమ్మకాన్ని కదిలించారు. పొడుగాటి కడ్డీ చివర చిన్న గిన్నెలాంటిది బిగించిన ప్రోబాంగ్ అనే పరికరాన్ని తేరుకున్న పశువుల గొంతులోకి దించి, అక్కడి జిగురును గోకి తీసి చూశారు. అందులో బతికున్న వైరస్ దొరికింది. సోకిన 28 రోజుల తరవాత కూడా గొంతులో వైరస్ దొరికే పశువును ఇప్పుడు క్యారియర్ అంటున్నాం. ఆవుల్లో ఇది మూడున్నరేళ్ల దాకా సాగుతుంది. ఆఫ్రికా అడవిదున్నల్లో ఐదేళ్ల దాకా, గొర్రెల్లో తొమ్మిది నెలల దాకా, మేకల్లో నాలుగు నెలల దాకా ఉన్న ఉదాహరణలున్నాయి. మన గేదెలూ దీనికి మినహాయింపు కాదు. సోకిన పశువుల్లో సగం దాకా ఇలా మిగలవచ్చు. టీకా వేసిన పశువు కూడా, తనకు జబ్బు కనిపించకపోయినా, గొంతులో వైరస్‌కు చోటివ్వవచ్చు. టీకా దండగ అని మాత్రం దీనికి అర్థం చెప్పుకోవద్దు. టీకా జబ్బును ఆపుతుంది, వైరస్ వెదజల్లే మోతాదును బాగా తగ్గిస్తుంది. గొంతులో ఆ మూలకు మాత్రం దాని చెయ్యి అందదు.

ఆ మూల ఎక్కడంటే, మెత్తని అంగుడి వెనక, ముక్కు గొంతుతో కలిసేచోటి పైపొర కణాలు. యాంటీబాడీలు నిండిన రక్తం ఆ పొర కిందనుంచే పారుతుంటుంది. అయినా వైరస్ పోదు. ఎందుకు పోదు? క్యారియర్ అయిన పశువుల గొంతు కణజాలాన్నీ, వైరస్‌ను పూర్తిగా వదిలించుకున్న పశువుల కణజాలాన్నీ పక్కపక్కన పెట్టి ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసినప్పుడు ఒక తేడా బయటపడింది. వదిలించుకున్న పశువుల్లో, సోకిన కణాన్ని చంపే టీ కణాల హడావుడి కనిపిస్తుంది. క్యారియర్లలో ఆ హడావుడి తక్కువ. సోకిన కణం తనంతట తాను చచ్చిపోయే కార్యక్రమం కూడా అణిగి ఉంటుంది. అక్కడ రక్షక కణాలు లేకపోలేదు. ఉన్నాయి, తీరు మార్చుకున్నాయి.

ఇక రైతు ప్రశ్న. క్యారియర్ ఆవు నుంచి పక్క ఆవుకు జబ్బు అంటుతుందా అని పరిశోధకులు ఒకే కొట్టంలో కట్టేసి పదే పదే చూశారు. నమ్మదగ్గ రుజువు దొరకలేదు. ఆఫ్రికా అడవిదున్నల్లో మాత్రం దొరికింది. కాబట్టి మన కొట్టాల వరకు భయపడాల్సింది జబ్బు పడబోతున్న, పడ్డ, ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న పశువుకే. అప్పుడు అది ఊపిరితో, చొంగతో, పాలతో వైరస్ చల్లుతుంది. సంత నుంచి తెచ్చిన గేదెను తిన్నగా మందలోకి తోలకండి అని డాక్టర్లు మొత్తుకునేది ఇందుకే. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఉచితంగా వేస్తున్నారు. వేయించుకోవడానికి బద్ధకించేవాళ్లు ఈ సభలోనే ఉన్నారని నాకు అనుమానం. పాలు తగ్గుతాయనేది వాళ్ల సాకు. నాలుగు పూటలు తగ్గే పాలకు జడిసి ఈత మొత్తం పోగొట్టుకోవడం ఏం లెక్క?

ఇప్పుడు ఎలుక దగ్గరికి వద్దాం. రైతులు కాస్త ఓపిక పట్టాలి.

1930లలో అమెరికాలో లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అనే వైరస్ దొరికింది. పేరు నోరు తిరగనిది కాబట్టి ఎల్‌సీఎంవీ అందాం. ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఎరిక్ ట్రాబ్ అనే పశువైద్యుడు తన ఎలుకల కాలనీలోనే ఈ వైరస్ తరతరాలుగా తిరుగుతోందని గమనించాడు. తల్లి కడుపులోనో, పుట్టిన వెంటనేనో సోకిన పిల్లలు జీవితాంతం వైరస్‌ను మోస్తున్నాయి, పెద్దగా జబ్బు పడడం లేదు. ఎదిగిన ఎలుకకు మెదడులోకి ఎక్కిస్తే మాత్రం వారం తిరిగేసరికి చచ్చిపోతోంది. వైరస్ అదే. ఎలుక జాతీ అదే. మరి చంపుతున్నదేమిటి? ఎలుక సొంత టీ కణాలే. వైరస్ సోకిన మెదడు పొరల మీద అవి విరుచుకుపడడం వల్ల చావు వస్తోంది. టీ కణాలకు ఆ చురుకు లేని ఎలుక వైరస్‌తోనే బతికేస్తోంది. రోగనిరోధక శక్తి ఎంత ఎక్కువుంటే అంత మంచిదనే మాటకు ఇంతకన్నా గట్టి ఎదురు సాక్ష్యం నాకు తెలియదు. ట్రాబ్ పరిశీలన తొంభై ఏళ్ల నాటిది.

ఈ వైరస్ చుట్టూ పెద్ద శాస్త్రమే పెరిగింది. టీ కణం సోకిన కణాన్ని ఎలా గుర్తుపడుతుందో జింకర్‌నాగెల్, డోహర్టీ తేల్చింది దీనితోనే. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన కథకు కావలసిన మనిషి మాత్రం రఫీ అహ్మద్. హైదరాబాదు ఉస్మానియాలో డిగ్రీ చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో డాక్టరేటు చేసి, కాలిఫోర్నియాలో మైకేల్ ఓల్డ్‌స్టోన్ ప్రయోగశాలలో చేరారు. దీర్ఘకాలం వైరస్‌తో ఉన్న ఎలుకల ప్లీహం నుంచి వైరస్ రకాలను వేరుచేసి, అందులో ఒకటి ఎదిగిన ఎలుకల్లో కూడా నెలల తరబడి నిలిచిపోతోందని 1984లో ప్రచురించారు. దాని పేరు క్లోన్ 13. దానికి మూలమైన ఆర్మ్‌స్ట్రాంగ్ రకం అయితే ఎనిమిది పది రోజుల్లో మాయమవుతుంది. రెండింటికీ మధ్య ఉన్న తేడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత. అంత చిన్న తేడాతో ఒకే జంతువులో ఒకే జాతి టీ కణాల గతి ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం దొరికింది.

చూస్తే ఏం కనిపించింది? మొదట్లో అందరూ అనుకున్నది, వైరస్ నిలిచిపోయిందంటే దాన్ని గుర్తుపట్టే టీ కణాలు చచ్చిపోయి ఉంటాయని. కొన్ని చచ్చిపోయిన మాట నిజమే. 1998లో అహ్మద్ బృందం చూపించింది వేరు. ఆ కణాలు చాలావరకు బతికే ఉన్నాయి. వైరస్‌ను గుర్తుపడుతున్నాయి. కానీ పని చేయడం లేదు. పని మానడంలో ఒక వరస కూడా ఉంది. టీ కణాలు వదిలే సంకేత పదార్థాల్లో మొదట ఇంటర్‌ల్యూకిన్-2 తయారీ ఆగుతుంది, దానితోపాటు గబగబా రెట్టింపయ్యే గుణం తగ్గుతుంది. తరవాత టీఎన్‌ఎఫ్ పోతుంది. అన్నిటికన్నా చివర ఇంటర్‌ఫెరాన్ గామా. శాస్త్రజ్ఞులు దీన్ని కణం అలసిపోవడం అంటున్నారు.

అలసటలో ఒక మీట ఉందని 2006లో అదే బృందం నేచర్ పత్రికలో రాసింది. ఆ కణాల మీద పీడీ-1 అనే ప్రోటీన్ గుబురుగా ఉంది. 1992లో జపాన్‌లో తసుకు హోంజో ప్రయోగశాల కనుక్కున్న అణువే అది. దాని జతగాడు పీడీ-ఎల్1 ఇతర కణాల మీద ఉంటుంది. రెండూ కలిస్తే టీ కణం తగ్గుతుంది. ఆ కలయికను ఒక యాంటీబాడీతో అడ్డుకోగానే అలసిన కణాలు లేచి పనిలోకి దిగాయి, వైరస్ తగ్గింది. ఇవాళ పట్టణాల క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఎక్కిస్తున్న ఇమ్యునోథెరపీ మందుల్లో చాలావాటి వెనక ఈ సంగతే ఉంది. 2018లో హోంజోకు నోబెల్ వచ్చింది.

ఆ వ్యాసంలోనే ఇంకో ప్రయోగం ఉంది. నాకు ముఖ్యమైనది అదే. పీడీ-ఎల్1 పుట్టుకతోనే లేని ఎలుకలకు క్లోన్ 13 ఎక్కించారు. అణచే చెయ్యి లేదు కాబట్టి టీ కణాలు పూర్తి బలంతో పనిచేస్తాయి, వైరస్ మాయమవుతుంది అనుకోవాలి కదా. ఎలుకలు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి. చంపింది సొంత టీ కణాలే. వరద వచ్చినప్పుడు లాకుల దగ్గర షట్టర్లు దించేది కాలువ మీద కోపంతో కాదు, దిగువన గట్టు తెగకూడదని. పీడీ-1 చేసే పని అలాంటిది. వైరస్ ఎలాగూ పోదని తేలాక, దాన్ని తరిమే ప్రయత్నంలో ఒళ్లు ధ్వంసం కాకుండా, అదే సమయంలో వైరస్‌ను పూర్తిగా వదిలేయకుండా, కణం తన వేగాన్ని ఒక మెట్టు దగ్గర నిలుపుకుంటుంది.

ఇంకో సంగతి తరవాతి పదేళ్లలో తేలింది. ఆ మెట్టు దగ్గర చాలాకాలం నిలిచిన కణం మునుపటి కణం కాదు. దాని డీఎన్‌ఏ మీద ఏ జన్యువు తెరిచి ఉండాలి, ఏది మూసి ఉండాలి అనే గుర్తులే మారిపోతాయి. పీడీ-1ను అడ్డుకుంటే పని మళ్లీ మొదలవుతుంది గాని ఆ గుర్తులు పెద్దగా చెరగవు. అలా లేచి పనిచేసేవి కూడా, లింఫ్ కణజాలంలో విత్తనాల్లా నిలిచి ఉన్న కొద్దిపాటి కణాల సంతానమేనని 2016లో అహ్మద్ బృందం చూపించింది.

కోళ్ల విషయం త్వరగా ముగిస్తాను. నూజివీడు, గన్నవరం వైపు ఫారాలు నడిపేవాళ్లకు మారెక్స్ జబ్బు తెలుసు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి కోడి పడిపోతుంది. ఆ వైరస్ దాక్కునే ఇల్లే టీ కణం. దాచుకున్న కణం కొన్నిసార్లు గడ్డగా మారుతుంది. 1970లలో వచ్చిన టీకా కోట్ల కోళ్లను కాపాడింది. గడ్డలు రానివ్వదు, కానీ వైరస్ చేరకుండా, ఈక మూలాల పొట్టుతో బయటికి రాకుండా ఆపలేదు. టీకా లేని కోడిని త్వరగా చంపేసి తానూ అంతరించాల్సిన ఘోరమైన రకాలు టీకా వేసిన మందల్లో హాయిగా పాకుతాయని 2015లో ఆండ్రూ రీడ్ బృందం చూపించింది. ఫారంలోని టీకా కోళ్ల పక్కన పెరట్లో టీకా లేని కోడిని పెంచేవాళ్లు, సంక్రాంతికి పుంజును జీడిపప్పుతో మేపేవాళ్లు దీన్ని కాస్త ఆలోచించాలి.

ఇక రొయ్య. అసలు నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే.

రొయ్యకు టీ కణాలు లేవు. బీ కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. ఎలుకలో చెప్పిన పీడీ-1 కథ దానికి వర్తించదు. దాని రక్తానికి ఎరుపు కూడా లేదు. ఆ ద్రవంలో తిరిగే హీమోసైట్లే దాని సైన్యం. అవి మూడు రకాలు. గింజలు లేనివి, కొద్దిగా ఉన్నవి, నిండా ఉన్నవి. దూరినవాణ్ని మింగడం, చుట్టుముట్టి ముద్ద చేయడం, గింజల్లోని పదార్థాలు వదిలి నల్లటి మెలనిన్‌తో కప్పేయడం, గాయం దగ్గర రక్తం గడ్డకట్టేలా చూడడం వీటి పని. పెంకు మీద నల్ల మచ్చ కనిపిస్తే అది ఈ సైన్యం పనిచేసిన ఆనవాలు.

రొయ్యకు తెల్లచుక్క జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్ ఈ సైన్యం మీదే పడుతుంది. వైరస్ చిన్నదేమీ కాదు. గుండ్రటి డీఎన్‌ఏ, దాదాపు 3 లక్షల అక్షరాలు. 2001లో దాని జన్యు పాఠం పూర్తిగా చదివినప్పుడు, అందులోని చాలా జన్యువులు మరే జీవిలోనూ కనిపించనివని తేలింది. 1990ల తొలి ఏళ్లలో తైవాన్, చైనాల్లో మొదలై, 1994లో కోస్తా ఆంధ్ర టైగర్ రొయ్యల చెరువులను తాకింది. బందరు చుట్టుపక్కల ఆ రోజులు చూసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. చెక్ ట్రేలో మేత మిగలడం, రొయ్యలు గట్టు వారకు చేరడం, పెంకు లోపల తెల్లటి చుక్కలు, మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ. పైగా 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు. టైగర్ వదిలి కొందరు నీలకంఠ అనే మంచినీటి రొయ్యకు మారారు. 2000 దశకం తొలినాళ్లలో దానికి తెల్లతోక జబ్బు వచ్చింది. అక్కడా అదే వరస. తల్లి పైకి నిక్షేపంగా ఉంటుంది, వైరస్ గుడ్ల ద్వారా పిల్లకు దిగి హేచరీలో పిల్లలు చచ్చిపోతాయి. 2009లో వనామీ రొయ్య వచ్చాక చెరువులు మళ్లీ నిండాయి.

వైట్ స్పాట్ పట్టిన రొయ్య రక్తం తీస్తే గడ్డకట్టదు. హీమోసైట్ల సంఖ్య పడిపోతుంది. గింజలున్న రెండు రకాలకే వైరస్ ఎక్కువ సోకుతుంది. అంటే మెలనిన్ పని దెబ్బతింటుంది. ఇంకా విచిత్రమైన సంగతి 2007లో తైవాన్ పరిశోధకులు రాశారు. రొయ్య కణంలో స్టాట్ అనే ప్రోటీన్ ఉంది. దాడి జరిగిందని తెలియగానే రక్షణ జన్యువులను లేపేది అదే. వైట్ స్పాట్ వైరస్ తన మొట్టమొదటి జన్యువు ముందు ఆ స్టాట్ కూర్చునే పీట ఒకటి ఏర్పాటు చేసుకుంది. అలారం మోగితే వైరస్సే నిద్రలేస్తుంది. రొయ్యను ఎంత రెచ్చగొడితే వైరస్‌కు అంత ఊతం దొరకవచ్చన్నమాట.

గుడివాడ నుంచి నాగాయలంక దాకా ఆక్వా దుకాణాల అరల్లో 'ఇమ్యూనిటీ పెంచే' పొడుల డబ్బాలు ఎన్ని రంగుల్లో ఉన్నాయో మీకు తెలుసు. బీటా గ్లూకాన్లు, విటమిన్లు, మూలికలు. ల్యాబ్ తొట్లలో కొన్నిటితో బతుకుబడి పెరిగిన మాట వాస్తవం. అక్కడ ముందు పొడి పెట్టి, తరవాత వైరస్ ఎక్కించి, పదిహేను రోజులు చూస్తారు. మన చెరువులో పరిస్థితి తలకిందులు. వైరస్ ముందే లోపల ఉండి ఉండవచ్చు, సీడ్‌తోనే, అంటే రొయ్య పిల్లతోనే వచ్చి. అలాంటి రొయ్యలో హీమోసైట్లను రెచ్చగొట్టడం మేలు చేస్తుందని నమ్మడానికి ట్రాబ్ ఎలుక, పీడీ-ఎల్1 లేని ఎలుక, ఈ స్టాట్ సంగతి మూడూ నన్ను ఒప్పుకోనివ్వవు. ఒక క్రాప్‌లో ఈ డబ్బాలకు పెట్టే డబ్బుతో వైరస్ జాడ పట్టే పీసీఆర్ టెస్టులు ఎన్ని వస్తాయో మీరే లెక్క వేసుకోండి.

వైరస్ ముందే లోపల ఉండడమేమిటని అడగవచ్చు. తైవాన్‌లో తల్లి రొయ్యలను గుడ్లు పెట్టకముందు పరీక్షిస్తే పీసీఆర్‌లో ఏమీ రాలేదు, గుడ్లు పెట్టాక అదే తల్లికి పాజిటివ్ వచ్చింది. అంత తక్కువ మోతాదులో దాక్కున్న వైరస్, గుడ్లు పెట్టే ప్రయాసలో తల ఎత్తింది. మన మడ అడవుల్లోని మండపీత కూడా దీన్ని వారాల తరబడి మోస్తూ, మామూలుగానే తిరుగుతుంది. కోడూరు, ఎదురుమొండి వైపు చెరువుల చుట్టూ పీతలు రాకుండా వల కట్టేది అందుకే. వల కట్టి, సీడ్‌ను మాత్రం పరీక్ష చేయించకుండా వేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

రొయ్య ఈ వైరస్‌లతో ఎలా సర్దుకుంటోందనే ప్రశ్నను థాయిలాండ్‌లో తిమోతి ఫ్లెగెల్ 1998లోనే ఎత్తారు. 1990ల మొదట్లో అక్కడి చెరువులను ఊడ్చేసిన పసుపుతల వైరస్, కొన్నేళ్లకు అవే చెరువుల్లో రొయ్యల ఒంట్లో ఉండి కూడా అంతగా చంపడం లేదు. ఆయన ఊహ ఇది. రొయ్యను చంపేది వైరస్ ఒక్కటే కాదు, వైరస్‌ను చూసి మూకుమ్మడిగా ఆత్మహత్య చేసుకునే కణాలు కూడా. వైరస్‌తో కలిసి పెరిగిన రొయ్యలో ఆ ఆత్మహత్య ఆగిపోతుంది. అందుకే వైరస్సూ ఉంటుంది, రొయ్యా ఉంటుంది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. కణం చావడం వైరస్‌ను ఆపే మంచి పనేనని, అందుకే వైట్ స్పాట్ వైరస్ ఆ చావును ఆపే ప్రోటీన్ ఒకదాన్ని వెంట తెచ్చుకుందని మరో వర్గం వాదన. నా మొగ్గు ఫ్లెగెల్ వైపే. ఎందుకంటే చావుకు దగ్గరైన రొయ్యల్లోనే ఆత్మహత్య చేసుకున్న కణాలు కుప్పలుగా కనిపిస్తాయి, వైరస్‌ను మోస్తూ తిరిగే రొయ్యల్లో కాదు. అయితే ఇది కారణమా ఫలితమా అనే వాదనకు తావుందని ఒప్పుకుంటాను.

తరవాత ఆయన ఆ ఊహకు ఇంకో మెట్టు కట్టారు. టైగర్ రొయ్య జన్యువుల్లోనే కొన్ని వైరస్‌ల ముక్కలు అతుక్కుని ఉన్నాయి. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే వైరస్ ముక్కలు అలా దొరికాయి. రొయ్య ఆ ముక్కల నుంచి చిన్న ఆర్‌ఎన్‌ఏలు తయారుచేసి, వచ్చే వైరస్ పాఠాన్ని పట్టుకుని కత్తిరిస్తుందని ఆయన అంటారు. ఈగల్లో ఇలాంటిదే జరుగుతోందని 2013లో పారిస్ పాశ్చర్ సంస్థ పరిశోధకులు ప్రయోగంతో చూపించారు. అక్కడ నిలిచిపోయిన వైరస్ ఆర్‌ఎన్‌ఏ కొంత డీఎన్‌ఏగా మారి, దాన్నే ఈగ రక్షణకు వాడుకుంటోంది. టీ కణం లేని జీవి కూడా నిలిచిపోయిన వైరస్ నుంచే పాఠం నేర్చుకుంటోందన్నమాట. మన ల్యాబుల వాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. తల్లి రొయ్య జన్యువుల్లో పుట్టుకతో ఉన్న ముక్కను పట్టుకుని, పీసీఆర్ యంత్రం పాజిటివ్ అంటుంది. అసలు వైరస్ ఉండదు. మంచి తల్లులను పారేసే ప్రమాదం ఉంది. ఆ ముక్కనూ నిజమైన వైరస్‌నూ విడదీసే ప్రైమర్లు వచ్చి చాలాకాలమైంది. వాటినే వాడుతున్నారా అని ల్యాబ్‌వాణ్ని అడిగే హక్కు డబ్బు కట్టే రైతుకు ఉంది.

టీకా సంగతి కూడా అడుగుతారు. జపాన్‌లో వైట్ స్పాట్ తట్టుకుని బతికిన కురుమా రొయ్యలు మూడు వారాల తరవాత మళ్లీ వైరస్ ఎక్కిస్తే తట్టుకున్నాయి. దాదాపు రెండు నెలల్లో ఆ బలం తగ్గిపోయింది. మన పంట కాలం నాలుగు నెలలు. వైరస్ పెంకులోని వీపీ28 ప్రోటీన్‌తోనూ, వైరస్ జన్యువులకు సరిపోయే ఆర్‌ఎన్‌ఏతోనూ రొయ్యల్లో రక్షణ తెప్పించవచ్చని ల్యాబుల్లో చూపించారు. సూదితో ఒక్కో రొయ్యకూ ఎక్కిస్తే పనిచేస్తుంది. ఎకరాకు లక్షల్లో పిల్ల వదిలే చెరువులో సూది ఎవరు వేస్తారు? మేతలో కలిపితే చాలావరకు పొట్టలో అరిగిపోవచ్చు. కాబట్టి ఇప్పటికి చేతిలో ఉన్నవి మూడే. వైరస్ లేని తల్లి, వైరస్ రాని గట్టు, రొయ్యకు అనువైన వేడి. ఈ మూడోదాన్ని మనం చిన్నచూపు చూస్తున్నాం. నీటి వేడి 32, 33 డిగ్రీలకు పెంచితే వైట్ స్పాట్ సోకిన రొయ్యల చావులు బాగా తగ్గుతాయని 2001 నుంచే ప్రయోగాలున్నాయి. దివిసీమలో చలికాలం పంట అంటే రైతుకు వణుకు పుట్టేది ఉత్తినే కాదు. మంచు పడే రాత్రుల్లో నీళ్లు చల్లబడగానే, సర్దుకుని ఉన్న రొయ్యకూ వైరస్‌కూ మధ్య తూకం వైరస్ వైపు వాలుతుంది. చలికాలం పంట మానలేనివాళ్లు కనీసం పిల్లను తక్కువ వేసుకోవాలి, నీళ్లు లోతుగా పెట్టుకోవాలి.

గేదెకు వర్తించే మాటే రొయ్యకూ వర్తిస్తుందా అంటే, యంత్రాంగం వేరు. గేదె గొంతులో టీ కణం తగ్గుతుంది, రొయ్య కణం చావడం మానుతుంది. రెండుచోట్లా వైరస్‌తో ఉన్న జంతువు పైకి ఆరోగ్యంగా కనిపిస్తుంది. దాని రక్షక కణాలు మాత్రం వైరస్ లేని జంతువు కణాల్లాంటివి కావు. చలికో, గుడ్లు పెట్టడానికో, ప్రయాణానికో, ఇంకో జబ్బుకో ఆ తూకం చెదిరినప్పుడే మనం జబ్బు అని గుర్తిస్తున్నాం. గాలికుంటు వచ్చిపోయిన ఊళ్లో దాని వెనకే గొంతువాపు జబ్బు దిగడం పాత డాక్టర్లందరికీ అనుభవమే. రెండు టీకాలూ కలిపి జాగ్రత్త పడాలని వాళ్లు చెప్పింది పుస్తకం చూసి కాదు.

గన్నవరం పశువైద్య కళాశాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఒక పని చెప్పి కూర్చుంటాను. హీమోసైట్లు లెక్కపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రక్తం గడ్డకట్టకుండా చేసే ద్రవం పట్టిన చిన్న సిరంజి, ఫార్మలిన్, ల్యాబ్ టెక్నీషియన్లు వాడే లెక్కపెట్టే గాజుపలక, మైక్రోస్కోపు చాలు. దివిసీమలో పది చెరువులు ఎంచుకుని, అక్టోబరులో పిల్ల వేసిన నెల నుంచి జనవరి పట్టుబడి దాకా ప్రతివారం ఇరవై రొయ్యల రక్తం తీసి, మూడు రకాల కణాలూ వేరు వేరుగా లెక్కించి, పక్కన ఆ రోజు తెల్లవారుజాము నీటి వేడి, పీసీఆర్‌లో మొదటి మెట్టు, రెండో మెట్టు ఫలితం రాయండి. తెల్లచుక్క కనిపించడానికి ఎన్ని రోజుల ముందు గింజల కణాలు తగ్గుతున్నాయో ఆ పట్టికలో తేలుతుంది. మూడు రోజుల ముందు తెలిసినా రైతు చెరువు పట్టేసుకుని పెట్టుబడి దక్కించుకోగలడు. చెరువులు చూపించడానికి నాగాయలంక రైతులు ఇద్దరు ఇందాకే నాతో ఒప్పుకున్నారు. భోజనాల దగ్గర వాళ్లను కలుసుకోండి.